పేరున్న ప్రాంతం పక్కనే వెతకండి

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ఎర్ర వైన్ పినో నువార్, బుడగల వైన్ షాంపేన్ మీకు నచ్చాయనీ, వాటి ధర మాత్రం భరించలేకపోతున్నాననీ రాశారు. సీసా వెలలో ద్రాక్ష నాణ్యతతో పాటు ప్రాంతం పేరుకున్న గిరాకీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి, పొరుగు ప్రాంతాలను చూడడం మేలు.

బర్గండీకి దక్షిణాన ఆనుకొని ఉన్న బోజొలేలో గమే ద్రాక్ష పండుతుంది. అక్కడ ‘క్రూ’లని పిలిచే పది మేటి ఊళ్ల, తోటల ప్రాంతాల సీసాల మీద చాలాసార్లు ‘బోజొలే’ అన్న మాటే పెద్దగా కనబడదు. మోర్గాన్, ఫ్లూరీ వంటి పేర్లే ఉంటాయి, అందుకే కొత్తవారు వాటిని గుర్తించక దాటిపోతారు. నవంబరులో హడావుడిగా వచ్చే లేత వైన్ బోజొలే నూవో రుచి చూసి ఈ ప్రాంతాన్ని తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. మోర్గాన్‌ను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి తాగి చూడండి, చెర్రీ వాసన విచ్చుకుంటుంది.

షాంపేన్‌కు బదులు ఫ్రాన్స్‌లోనే లువార్ ప్రాంతపు బుడగల వైన్ క్రెమాన్ ద లువార్ తీసుకోండి. రెండింటిలోనూ రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది. అడుగున పేరుకునే ఈస్టు మడ్డి మీద షాంపేన్‌ను కనీసం 12 నెలలు ఉంచితే, దీన్ని 9 నెలలు ఉంచుతారు.

నిల్వ చేసిన ఎర్ర వైన్ కావాలంటే స్పెయిన్‌లోని రియోహా రెసెర్వా చాలు: 3 ఏళ్ల నిల్వ, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో, తయారీదారే మీ తరఫున పూర్తి చేసి పంపుతాడు.