ఐస్ రాకుండా వల దించరు కదా!

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరంలో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కు మెసేజ్ వచ్చే ప్రాజెక్టు నలుగురం కలిసి చేస్తున్నాం. మాటలన్నీ వాట్సాప్ గ్రూపులోనే. ఎవరేం చేస్తున్నారో తెలియక ఒకే పని ఇద్దరం చేశాం. నెలన్నరలో రివ్యూ, టెన్షన్‌గా ఉంది. స్క్రమ్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్ టీమ్ పని సాఫీగా సాగేలా చూసే బాధ్యత) కోర్సు చేస్తే ఉద్యోగానికీ పనికొస్తుందంటున్నారు. నాన్నగారు చెరువులు చేస్తారు. ఫీజు అడగాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: ముందు ఫీజు సంగతి. అడగొద్దమ్మా. ఆ సర్టిఫికెట్ కొన్నాళ్లు టీముల్లో పనిచేసినవాళ్లకు అక్కరకొస్తుంది. దాన్ని చూసి ఫ్రెషర్‌కు ఆ ఉద్యోగం ఇవ్వడం నేనైతే చూడలేదు. పనులను కార్డులుగా పెట్టుకునే ట్రెల్లో యాప్ ఉంది. అది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, నలుగురికి ఉచిత ఖాతా సరిపోతుంది. అలాంటిదే జిరా కాస్త బరువు, ఇప్పుడే వద్దు.

మీ చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? ఐస్ లారీ, వలవాళ్లు, ట్రేలు, కాటా, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి రేటు కట్టే కొనుగోలుదారు... ఏ పని ఎవరిదో నాన్నగారు ముందు రోజే తేల్చుకుంటారు. ఐస్ రాకుండా వల దించరు. మీ గ్రూపులో మాత్రం 'సెన్సర్ సంగతి చూద్దాం' అని మెసేజ్ పడుతుంది, నలుగురూ బొటనవేలు చూపిస్తారు. చూసేదెవరు?

ట్రెల్లోలో ఒక బోర్డు తెరిచి 'చేయాలి', 'చేస్తున్నాం', 'అయిపోయింది' అని మూడు నిలువు వరుసలు పెట్టండి. 'ఆగింది' అని నాలుగోది కూడా పెట్టమంటాను, అసలు ఉపయోగం దానిదే. ఒక్కో పనికి ఒక్కో కార్డు. 'సెన్సర్ రీడింగ్ సర్వర్‌కు చేరాలి' అని రాసి, కింద ఒక్కరి పేరే, ఒక తేదీ. రెండు పేర్లు రాస్తే ఎవరూ చేయరు. పని ఆగితే దేని కోసం ఆగిందో కార్డు మీదే రాయాలి.

ఈ పద్ధతి పేరు కాన్‌బాన్. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో పుట్టింది. వాడిన విడిభాగాల తాలూకు కార్డు వెనక్కి వస్తేనే మళ్లీ వాటిని తయారు చేసేవారు. మీరూ 'చేస్తున్నాం'లో మనిషికి ఒక్క కార్డే ఉంచండి. అది పూర్తయ్యాకే ఇంకోటి. కోడ్ మాత్రం, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌హబ్ సైటులో పెట్టండి. వాట్సాప్‌లో 'ఫైనల్', 'కొత్త ఫైనల్' ఫైళ్లు తిరిగితే ఏది అసలుదో దేవుడికే తెలియాలి.

మా ఆఫీసులోనూ ఇలాంటి బోర్డే పెట్టాం. మూడో వారానికి తెరిచేవాళ్లు లేరు. రోజూ ఉదయం పది నిమిషాలు అందరం దాని ముందు నిలబడటం మొదలుపెట్టాకే బతికింది. మీరు క్లాసుకు ముందు కాలేజీ క్యాంటీన్‌లోనైనా ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

బోర్డు స్క్రీన్‌షాట్లు వారానికొకటి దాచుకోండి. ఇంటర్వ్యూలో 'టీమ్‌లో ఇబ్బంది వస్తే ఏం చేశారు?' అని అడిగితే, సెన్సర్ కార్డు ఎన్ని రోజులు 'ఆగింది'లో ఉందో, ఎవరితో మాట్లాడి కదిలించారో చూపిస్తూ చెప్పవచ్చు.