పాత పుషప్ స్టాండా, కొత్త బోర్డా? ముందు కార్డు బిల్లు తియ్యండి

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ప్రైవేటు ఉద్యోగం, జీతం 22 వేలు. కానిస్టేబుల్‌కు కూడా ప్రిపేర్ అవుతున్నాను. మా అన్న వాడి వదిలేసిన తిరిగే పుషప్ స్టాండ్ల జత ఇంట్లో ఉంది. ఒకటి కిర్రుమంటోంది, కింద రబ్బరు అరిగింది. కొత్త మోడల్‌లో మడతపెట్టే బోర్డు, రంగుల గుర్తులు, లెక్కపెట్టే మీటరు ఉన్నాయి. ధర 2,799. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. క్రెడిట్ కార్డులో 11 వేలు బాకీ ఉంది, నెలనెలా మినిమం కడుతున్నాను. కొనమంటారా?

జవాబు: వద్దు. వస్తువు మంచిది కాదని కాదు, ఆఖర్లో మీరు చెప్పిన ఆ 11 వేల వల్ల.

కార్డు బాకీ మీద వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3.5 శాతం చుట్టుపక్కల ఉంటుంది, అంటే ఏడాదికి దాదాపు 42 శాతం. మీ స్టేట్‌మెంట్‌లో ఎంత వేస్తున్నారో చూసుకోండి. 3.5 అనుకుంటే 11 వేలకు నెలకు 385 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 454. మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ పెద్దగా తగ్గదు కాబట్టి ఆరు నెలల్లో ఇది 2,700 దగ్గరికి వస్తుంది. మీరు అడుగుతున్న బోర్డు ధర దాదాపు అంతే! ఇంకో సంగతి చాలామంది గమనించరు. పాత బిల్లు పూర్తిగా కట్టనప్పుడు కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. ఆ కార్డుతో కిరాణా సామాను కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. బాకీ తీరేదాకా దాన్ని బీరువాలో పెట్టండి.

నో కాస్ట్ అన్న మాటను నేను నమ్మను. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మామూలుగా జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా డిస్కౌంటు ధరలో చూపిస్తారు, బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తిన పడతాయి. ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. 2,799 వస్తువుకు అదే 8 శాతం దాటింది.

ఇక స్టాండ్ల సంగతి. పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. దాన్ని ఏ మోడలూ పెంచదు. పిడి తిరిగితే మణికట్టుకు సుఖం, ఎత్తులో ఉంటే ఛాతీ ఇంకాస్త కిందికి దిగుతుంది. ఈ రెండూ మీ పాతదాంట్లోనే ఉన్నాయి. పైగా చాలా బోర్డుల్లో పిడులు రంధ్రాల్లో గుచ్చేవి, అసలు తిరగవు. రంగులు చెప్పేది చెయ్యి ఎక్కడ పెట్టాలో మాత్రమే. దగ్గరగా పెడితే చేతి వెనక కండకు ఎక్కువ పని. సుద్దముక్కతో నేల మీద గీసుకున్నా సరిపోతుంది. మీటరు అంటారా, ఇరవై దాకా లెక్కపెట్టడానికి మీకు బ్యాటరీ కావాలా?

పాతదాంట్లో నిజంగా భయపడాల్సింది అరిగిన రబ్బరుకే. నున్నటి బండల మీద స్టాండు జారితే మణికట్టుకు దెబ్బ. రబ్బరు షీటు గుండ్రంగా కోసి అతికించండి. కిర్రుమనేదాన్ని విప్పి, తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యండి. అడుగు పగిలినా, పిడి ఊగినా మాత్రం పారెయ్యండి. అప్పుడు కూడా తిరగని మామూలు ఇనుప బార్ల జత చాలు, కొన్ని వందల్లో వస్తుంది.

కానిస్టేబుల్ అన్నారు కాబట్టి ఒక మాట. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1,600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టారు. పుషప్ లేదు. భుజబలం షాట్‌పుట్‌కు పనికొస్తుంది, కాదనను. కానీ ఖర్చు పెట్టాల్సిందే అయితే ముందు పరుగు బూట్లకు పెట్టమంటాను.

ఈఎంఐకి అనుకున్న 470 రూపాయలు నెలనెలా మినిమం మీద అదనంగా కార్డుకే కట్టండి. బాకీని ఈఎంఐగా మారుస్తారేమో బ్యాంకును అడగండి. ఆ వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీ కంటే బాగా తక్కువ ఉంటుంది, ఫీజెంతో మాత్రం ఒప్పుకోకముందే తెలుసుకోండి. బాకీ సున్నా అయ్యాక కూడా కొత్త బోర్డు కావాలనిపిస్తే, రొక్కం పెట్టి కొనుక్కోండి.