అమ్మాయి ఎడిన్‌బరో చదువుకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 1.35 లక్షలు వస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 80 వేలు. ఇక్కడే ఈసీఈ పూర్తి చేసిన మా అమ్మాయికి బ్రిటన్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎకౌస్టిక్స్ (ధ్వని శాస్త్రం), మ్యూజిక్ టెక్నాలజీ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఏడాది కోర్సు, మొత్తం ఖర్చు 48 లక్షలు. హిందూపురం సైటు తాకట్టు పెట్టి 10 శాతం వడ్డీకి 35 లక్షల ఎడ్యుకేషన్ లోన్, 10 లక్షల పర్సనల్ లోన్, ఎఫ్‌డీలో ఉన్న 3 లక్షలు అనుకుంటున్నాం. కీబోర్డు, స్పీకర్లకు 2 లక్షలు కార్డు ఈఎంఐ. ఇన్సూరెన్స్ ఆఫీసుదే ఉంది. ఈ చదువు దండగని బంధువులు అంటున్నారు. ఏ బ్యాంకు మంచిది?

జవాబు: చదువు విషయంలో బంధువుల మాట పట్టించుకోకండి. మృదంగం, తబలా నాదంలోని శ్రుతి గురించి సి.వి. రామన్ 1920లోనే పరిశోధించి రాశారు. మీ అమ్మాయి ఈసీఈలో చదివిన సిగ్నల్ ప్రాసెసింగే ఇవాళ ఫోన్లలో, హియరింగ్ ఎయిడ్లలో పనిచేస్తోంది. నా భయమంతా మీరు డబ్బు సర్దే తీరు చూసే.

పిల్లల్ని విదేశాలకు పంపే ఎన్నో ఇళ్లలో ఇదే పొరపాటు జరుగుతోంది. ఉన్న ఆఖరి రూపాయి కూడా ఫీజులో పెట్టేసి విమానం ఎక్కిస్తున్నారు. 48 లక్షల లెక్క పక్కాగా వేశారు. రేపు మీ ఉద్యోగం పోతే ఏంటన్న లెక్క మాత్రం ఎక్కడా లేదు.

ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. ఖర్చులు పోను మీకు మిగిలేది 55 వేలు. పర్సనల్ లోన్ 13 శాతానికి, అయిదేళ్లకు అనుకున్నా ఈఎంఐ 22,700 దాటుతుంది. చదువు అయ్యేదాకా బ్యాంకువాళ్లు ఆగరు, వచ్చే నెల నుంచే కట్టాలి. ఎడ్యుకేషన్ లోన్‌కు మారటోరియం (చదివేటప్పుడు వాయిదాలు కట్టనక్కర్లేని గడువు) ఉన్నా, 35 లక్షలూ విడుదలయ్యాక నెలకు 29 వేలకు పైగా వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. అదీ కట్టుకుంటూ పోతే చేతిలో ఉండేది 3 వేలు. దాని మీద మళ్లీ కార్డు ఈఎంఐలా? వద్దండి. ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు కొనిచ్చి పంపండి, చాలు.

ముందు అత్యవసర నిధి కావాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు 4.8 లక్షలు. దానికి తోడు అమ్మాయికి అక్కడ మూడు నెలల ఖర్చు. లండన్ బయట చదివేవాళ్లకు నెలకు 1,100 పౌండ్లకు పైనే బ్రిటన్ వీసా నిబంధనలే లెక్కేస్తాయి. అంటే దాదాపు 4 లక్షలు. మొత్తం కలిపి 9 లక్షలు ఉండాలి. మీ దగ్గరున్న 3 లక్షలూ ఫీజుకే రాసేశారు! ఆ ఎఫ్‌డీని ముట్టుకోకండి. పార్ట్‌టైమ్ సంపాదనను ఇందులో కలపొద్దు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి నుంచి ఎమ్మెస్సీ వాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది.

సీటును ఏడాది వాయిదా వేయడం కుదురుతుందేమో యూనివర్సిటీని అడగండి. నెలకు 50 వేలు పక్కన పెడితే 6 లక్షలు చేరి నిధి పూర్తవుతుంది. తక్కువ పడే 13 లక్షలకు అదే సైటు మీద ఎడ్యుకేషన్ లోన్ పెంచమనండి. బ్యాంకు ఒప్పుకోకపోతే సైటు అమ్మేసి అప్పు తగ్గించుకోవడమే మేలు. ఈలోగా అమ్మాయి గేట్ రాస్తే, మన ఊళ్లోనే ఐఐఎస్సీలో సిగ్నల్ ప్రాసెసింగ్ ఎంటెక్‌కూ దారి ఉంటుంది. వీసా కోసం 28 రోజులు ఖాతాలో డబ్బు చూపించాలని ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చే పని మాత్రం చేయకండి. ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్‌ను కూడా ఒప్పుకుంటారు.

ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీ బ్యాంకు బాకీ వరకే, మీ ఇంటికి కాదు. మీ పేరు మీద విడిగా కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) తీసుకోండి. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయండి. ఇక బ్యాంకంటారా, రెండు మూడు చోట్ల అడిగి వడ్డీ తక్కువున్న దగ్గర తీసుకోండి. కాకపోతే టర్మ్ పాలసీ చేతికి వచ్చాకే లోన్ పత్రాల మీద సంతకం పెట్టండి.