సైన్, కాస్ లెక్కల్లో గరిష్ఠ కనిష్ఠాలు: అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

పెరంబూరు, చెన్నై
ఏప్రిల్ నెల

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంటర్నల్ టెస్ట్ పేపర్ ఫోటోలు చూశాను. ఇవి ఫోన్లో చెబితే బుర్రకెక్కే సంగతులు కావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని నిదానంగా చదువు. ముందుగా ఒక మాట. నీకు డెరివేటివ్ చేయడం బాగానే వచ్చు, అందులో ఒక్క తప్పు కూడా లేదు. మార్కులు పోయింది ఆ తర్వాతి రెండు లైన్లలో. చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ట్రిగనామెట్రీలో ఈ లెక్కలు చెడేది ఎక్కువగా అక్కడే. టెన్షన్ పడకు.

నీ పేపర్లో మూడో లెక్కనే తీసుకుందాం. 0 నుంచి 2పై వరకు ఉన్న ఇంటర్వెల్‌లో

ఎఫ్(ఎక్స్) = 2 సైన్ ఎక్స్ + కాస్ 2ఎక్స్

దీనికి స్థానిక గరిష్ఠాలు, కనిష్ఠాలు కనుక్కోమన్నారు. డెరివేటివ్ 2 కాస్ ఎక్స్ − 2 సైన్ 2ఎక్స్. సైన్ 2ఎక్స్‌ను 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌గా రాశావు, చాలా బాగుంది. సున్నాకు సమానం చేశావు, అదీ సరే. ఆ తర్వాత రెండు వైపులా 2 కాస్ ఎక్స్ ఉందని కొట్టేశావు. సైన్ ఎక్స్ = 1/2 మిగిలింది, జవాబు పై/6 అని రాసి కింద గీత గీశావు.

ఆ కొట్టేయడం దగ్గరే లెక్క సగం పోయింది. కాస్ ఎక్స్ సున్నా అయ్యే చోట్లు కూడా ఉన్నాయి కదా. సున్నా అయ్యే అవకాశం ఉన్నదానితో భాగించకూడదు. అలా భాగిస్తే అది సున్నా అయ్యే బిందువులన్నీ చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. కొట్టేసే బదులు అంతా ఒక వైపుకు తెచ్చి లబ్ధంగా విడగొట్టు:

2 కాస్ ఎక్స్ (1 − 2 సైన్ ఎక్స్) = 0

ఇప్పుడు రెండు ఫ్యాక్టర్లున్నాయి, దేని బిందువులు దానివి. కాస్ ఎక్స్ = 0 అయితే పై/2, 3పై/2. సైన్ ఎక్స్ = 1/2 అయితే పై/6 ఒక్కటే కాదు, 5పై/6 కూడా. సైన్ మొదటి క్వాడ్రంట్‌లోనూ రెండో దాంట్లోనూ పాజిటివ్. క్యాలిక్యులేటర్ ఎప్పుడూ ఒక్క కోణమే చూపిస్తుంది, రెండోది నువ్వు వెతుక్కోవాలి. మొత్తం నాలుగు క్రిటికల్ పాయింట్లు, అంటే డెరివేటివ్ సున్నా అయ్యే చోట్లు. నీ పేపర్లో ఉన్నది ఒకటి.

ఇక గుర్తులు చూడాలి. డెరివేటివ్ ప్లస్ అయితే ఫంక్షన్ పెరుగుతోందని, మైనస్ అయితే తగ్గుతోందని అర్థం. నంబర్ లైన్ మీద ఈ నాలుగూ పెట్టి, ఒక్కో ముక్కలో రెండు ఫ్యాక్టర్ల గుర్తులు విడివిడిగా రాయి. 0 నుంచి పై/6 వరకు రెండూ ప్లస్, ఫంక్షన్ పెరుగుతోంది. పై/6 దాటాక రెండో ఫ్యాక్టర్ మైనస్ అయింది, తగ్గుతోంది. పై/2 దాటాక మొదటిదీ మైనస్ అయింది, రెండు మైనస్‌లు కలిసి ప్లస్, మళ్లీ పెరుగుతోంది. 5పై/6 దాటాక తగ్గుతోంది. 3పై/2 దాటాక చివరిదాకా పెరుగుతోంది. అంటే పై/6 దగ్గరా 5పై/6 దగ్గరా స్థానిక గరిష్ఠాలు, రెండు చోట్లా విలువ 3/2. పై/2 దగ్గర స్థానిక కనిష్ఠం, విలువ 1. 3పై/2 దగ్గర ఇంకో కనిష్ఠం, విలువ −3.

ఇక్కడ నీకు నువ్వే చెక్ చేసుకునే మార్గం ఒకటుంది. తెగకుండా సాగే గ్రాఫ్‌లో రెండు శిఖరాల మధ్య లోయ ఉండి తీరాలి. పై/6, 5పై/6 రెండూ గరిష్ఠాలని తేలి, మధ్యలో కనిష్ఠం కనబడలేదంటే, ఎక్కడో ఏదో కొట్టేశావన్నమాట. పరీక్ష హాల్లో ఈ చెక్‌కి అర నిమిషం కూడా పట్టదు.

ఈ లెక్కనే ఇంతసేపు పట్టుకోవడానికి కారణం ఉంది. ఇది నువ్వుంటున్న ఊరి లెక్క. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదిలో 23.4 డిగ్రీల దక్షిణం నుంచి 23.4 డిగ్రీల ఉత్తరం దాకా వచ్చి వెళ్తాడు. మార్చి 20, 21 నాటి విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) నుంచి ఏడాదిని ఒక పూర్తి చుట్టుగా, అంటే 360 డిగ్రీలుగా లెక్కపెట్టి, ఆ కోణాన్ని థీటా అందాం. సూర్యుడి ఉత్తర దక్షిణ స్థానం సుమారుగా 23.4 సైన్ థీటా. మధ్యాహ్నం నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత పక్కకు ఉన్నాడంటే 13 − 23.4 సైన్ థీటా డిగ్రీలు. ఎండ ఎంత నిట్టనిలువుగా పడుతోందో కొలవాలంటే దీనికి కాస్ తీసుకుంటే సరి:

ఎఫ్(థీటా) = కాస్ (13 − 23.4 సైన్ థీటా)

చైన్ రూల్‌తో డెరివేటివ్ చేసి చూడు. ముందుండే పాజిటివ్ స్థిరసంఖ్యను వదిలేస్తే మిగిలేది కాస్ థీటా × సైన్ (13 − 23.4 సైన్ థీటా). మళ్లీ రెండు ఫ్యాక్టర్లే! కాస్ థీటా సున్నా అయ్యేది జూన్ 21న, డిసెంబర్ 21న. రెండోది సున్నా కావాలంటే సైన్ థీటా = 13/23.4, అంటే దాదాపు 0.56. మొదటి కోణం సుమారు 34 డిగ్రీలు. సూర్యుడు రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ కదులుతాడు కాబట్టి విషువత్తు నుంచి 34 రోజులు లెక్కపెట్టు, ఏప్రిల్ 24 వస్తుంది. రెండో కోణం 146 డిగ్రీలు, అది ఆగస్టు 18 దగ్గర పడుతుంది. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు కాబట్టి ఈ రెండోది మన తేలిక లెక్క కన్నా నాలుగైదు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ రెండు రోజులే చెన్నైలో నీడ లేని రోజులు, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు.

పరీక్షలో వచ్చిన లెక్కలో సైన్ విలువ 0.5, మన ఊరికి 0.56, తేడా అంతే. గ్రాఫ్ ఆకారం కూడా అదే. ఏప్రిల్ చివర ఒక గరిష్ఠం, ఆగస్టులో ఒకటి, మధ్యలో జూన్ 21న చిన్న కనిష్ఠం, డిసెంబర్‌లో పెద్ద కనిష్ఠం. జూన్ 21న చెన్నైలో సూర్యుడు నడినెత్తిన ఉండడు, 10 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. కాస్ థీటాను కొట్టేసినవాళ్లకు ఈ జూన్, డిసెంబర్ రెండూ దొరకవు. ఈ నెల 24న మధ్యాహ్నం 12 దాటి ఏడెనిమిది నిమిషాలకు హాస్టల్ డాబా మీద ఒక గ్లాసు బోర్లించి చూడు. (ఎండ నిలువుగా పడే రోజూ, ఊరు బాగా వేడెక్కే రోజూ ఒకటి కావు. నేల వేడెక్కడానికి టైం పడుతుంది, అందుకే కత్తిరి ఎండలు మేలో వస్తాయి.)

ఇంకొంచెం ముందుకు వెళ్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. హైదరాబాద్ అక్షాంశం 17.4. సైన్ థీటా 0.74 అవుతుంది, నీడ లేని రోజు మే 9కి జరుగుతుంది, రెండోది ఆగస్టు మొదట్లోకి వస్తుంది. రెండు గరిష్ఠాలూ జూన్ వైపు దగ్గరవుతున్నాయి చూశావా. ఢిల్లీకి వెళ్తే 28.6. సైన్ థీటా 1 కన్నా ఎక్కువ కావాలి, అది కుదరదు. రెండో ఫ్యాక్టర్‌కు మూలాలే లేవు, గుర్తు కూడా మారదు. కాస్ థీటా బిందువులు రెండే మిగిలాయి. చెన్నైలో కనిష్ఠమైన అదే జూన్ 21 ఢిల్లీలో గరిష్ఠం అయింది! అందుకే చెబుతున్నాను, సున్నా అయిందని చూసి ఆగిపోకు, దాని పక్కన గుర్తు ఎటు మారిందో చూడు. బిందువు గరిష్ఠమా కనిష్ఠమా అన్నది మిగతా ఫ్యాక్టర్ల గుర్తును బట్టి కూడా మారుతుంది.

ఆకాశాన్ని ఇలా లెక్కగట్టడం మన ఊళ్లో పాత పనే. నుంగంబాక్కంలో 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ రాతి స్తంభం వాతావరణ శాఖ ఆవరణలో ఇప్పటికీ ఉంది, దాని మీద తెలుగులో కూడా రాసి ఉంది. సెలవుల్లో తీసుకెళ్తాను.

రెండో డెరివేటివ్ సంగతి. నువ్వు దాన్ని బాగా నమ్ముకున్నట్టున్నావు. మనం పైన చేసిన మొదటి లెక్కకు అది బాగానే పనిచేస్తుంది, పై/6 దగ్గర −3 వస్తుంది, మైనస్ కాబట్టి గరిష్ఠం, పై/2 దగ్గర +2 వస్తుంది, ప్లస్ కాబట్టి కనిష్ఠం. అయితే అదే సున్నా వస్తే ఏమీ చెప్పలేదు. సైన్ ఎక్స్ నాలుగో పవర్, మూడో పవర్ రెండింటికీ 0 దగ్గర మొదటి డెరివేటివ్ సున్నా, రెండోదీ సున్నా. నాలుగో పవర్‌కు అక్కడ కనిష్ఠం ఉంది, మూడో పవర్‌కు ఏదీ లేదు. సున్నా వచ్చింది కాబట్టి ఏదీ లేదని రాసేయడం తప్పు. నీకు నా సలహా, గుర్తుల పద్ధతినే అలవాటు చేసుకో. ఫ్యాక్టర్లుగా విడగొట్టాక అదే తొందరగా అవుతుంది, ఎక్కడా మొండికేయదు.

డెరివేటివ్ అసలు లేని చోట్లు కూడా చూడాలి. సైన్ ఎక్స్ మాడ్యులస్‌కు 0, పై, 2పై దగ్గర కోసుగా మలుపు ఉంటుంది, అక్కడ డెరివేటివ్ లేదు, కనిష్ఠం మాత్రం ఉంది. ట్యాన్‌కైతే పై/2 దగ్గర ఫంక్షనే తెగిపోతుంది. అలా తెగిన చోట శిఖరాల మధ్య లోయ అనే మాట చెల్లదు. ట్యాన్ ఎక్స్ + కాట్ ఎక్స్ చూడు, పై/4 దగ్గర కనిష్ఠం, విలువ 2. 3పై/4 దగ్గర గరిష్ఠం, విలువ −2. గరిష్ఠం కన్నా కనిష్ఠం పెద్దదేమిటని కంగారు పడకు. స్థానికం అంటే ఆ బిందువు చుట్టుపక్కల వరకే.

క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉందో లేదో పరీక్షకు ముందే చూసుకో. సైన్ డెరివేటివ్ కాస్ అన్నది రేడియన్లలోనే నిజం. డిగ్రీల్లో అయితే ముందు పై/180 గుణకం వస్తుంది. సూర్యుడి లెక్కలో స్థిరసంఖ్యను వదిలేసినా నడిచింది, ఎందుకంటే అది లబ్ధం మొత్తానికీ గుణకం. ఎక్స్ + 2 సైన్ ఎక్స్ లాంటి దాంట్లో అలా నడవదు. రేడియన్లలో 1 + 2 కాస్ ఎక్స్ = 0, కాబట్టి 2పై/3 దగ్గర గరిష్ఠం, 4పై/3 దగ్గర కనిష్ఠం. ఎక్స్‌ను డిగ్రీల్లో తీసుకుంటే కాస్ విలువ −28 దాటాలి, అది ఎక్కడా జరగదు, గరిష్ఠ కనిష్ఠాలే ఉండవు. ఇదే లెక్కలో 0 నుంచి 2పై వరకు అన్నిటికన్నా పెద్ద విలువ అడిగితే 2పై/3 దగ్గరి 3.83 అని రాయకు. చివరి బిందువు 2పై దగ్గర విలువ 6.28 ఉంది. ప్రశ్నలో స్థానికం అడిగారా, మొత్తం మీద అడిగారా అన్నది రెండు సార్లు చదువు. ఇంటర్వెల్ ఇవ్వకపోతే ప్రతి జవాబుకూ 2ఎన్‌పై కలిపి రాయాలి.

3 సైన్ ఎక్స్ + 4 కాస్ ఎక్స్ లాంటివి వస్తే డెరివేటివ్ దాకా వెళ్లనక్కర్లేదు, 3, 4ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 5, కాబట్టి గరిష్ఠం 5, కనిష్ఠం −5. ఎక్కడ అని అడిగితే ట్యాన్ ఎక్స్ = 3/4. మొదటి క్వాడ్రంట్ కోణం గరిష్ఠానిది, మూడో క్వాడ్రంట్‌ది కనిష్ఠానిది.

ఇప్పుడు నీకొక లెక్క. 0 నుంచి 2పై వరకు, సైన్ ఎక్స్ మూడో పవర్ + కాస్ ఎక్స్ మూడో పవర్. డెరివేటివ్‌లో మూడు ఫ్యాక్టర్లు వస్తాయి, ఒక్కదాన్నీ కొట్టేయకు. ఇంటర్వెల్ లోపల ఐదు... కాదు, ఎన్ని వస్తాయో నేను చెప్పను, నువ్వే లెక్కపెట్టు. గుర్తుల వరుస, ఒక్కో బిందువు దగ్గర విలువ, చివరి బిందువులు, అన్నీ రాసి ఆదివారం లోపల ఫోటో పంపు. గ్రాఫ్ కూడా చేత్తోనే గియ్యి, ఫోన్లో యాప్‌తో వద్దు. ఎక్కడైనా ఆగిపోతే సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చెయ్యి, ఇంట్లోనే ఉంటాను. పెద్దమ్మ ఆవకాయ కట్టి ఉంచింది, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్దువు గాని.

ఇట్లు,
మీ పెదనాన్న