పేగుల వాపు జబ్బు ఉన్నవారిలో రక్తం గడ్డకట్టే ముప్పు

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్న మీ నాన్నగారి పిక్కలో రక్తం గడ్డకట్టడానికి పేగు జబ్బే కారణమా అని అడిగారు. ఆ అవకాశం బలంగానే ఉంది. పేగుల్లో వాపు రేగినప్పుడు రక్తంలో ప్లేట్‌లెట్లూ, గడ్డకట్టించే ప్రోటీన్లూ పెరుగుతాయి, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది, దానికి మంచాన పడి ఉండటమూ స్టెరాయిడ్లూ తోడవుతాయి కాబట్టి, సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు ఇతరులకంటే సుమారు 2 నుంచి 3 రెట్లు ఉంటుంది, జబ్బు తిరగబెట్టినప్పుడు ఇంకా పెరుగుతుంది. మలంలో రక్తం పోతుంటే, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఎందుకని కుటుంబసభ్యులు భయపడటం సహజమే గానీ, రక్తస్రావం తీవ్రంగా లేనంతవరకు ఆసుపత్రిలో చేరినవారికి అది ఇవ్వడమే సరైన పద్ధతి. కోనసీమలో కాలు వాస్తే ముందుగా బోదకాలు అనుకుంటారు. కానీ పేగుల వాపు జబ్బు ఉన్న రోగుల్లో ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే ఆ రోజే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించాలి, ఆయాసమో ఛాతీనొప్పో మొదలైతే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు గనుక వెంటనే 108కు ఫోన్ చేయాలి.