నీ గది తలుపు ఎటు తెరుచుకుంటుంది?

నల్గొండ

బిడ్డా,

మొన్న రాత్రి మీ నాయిన ఫోన్ చేసి, ఆ పరాయి దేశంలో మీ బడుల ఆంబుడ్స్ ఆఫీసులో, అంటే బడుల గురించి జనం గోడు వినే ఆఫీసులో, ఉద్యోగానికి నువ్వు అప్లికేషన్ పెట్టావని చెప్పాడు. సంతోషమేసింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఈ వయసులో నిద్ర పట్టకపోవడం కొత్తేమీ కాదు గాని, ఆ రాత్రి మాత్రం నీ వల్లే.

ఆంబుడ్స్‌మన్ అంటే నాకు తెలిసింది బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆయన. ఆయన ఆర్డరు వేస్తే బ్యాంకు డబ్బు కట్టాల్సిందే. నీదీ అలాంటి పనే అనుకొని "మన పిల్ల జడ్జి అవుతుందట" అని మీ పెద్దమ్మతో కూడా అన్నాను. తెల్లారి నువ్వు ఫోన్లో విడమరిచి చెప్పాక గాని అర్థం కాలేదు. నీ చేతిలో ఆర్డరు ఉండదు. తప్పెవరిదో తేల్చేది నువ్వు కాదు. టీచర్ని బదిలీ చేయించలేవు, మార్కులు మార్చలేవు. తల్లిదండ్రుల వకీలువి కావు, బడి వకీలువీ కావు. వచ్చినవాళ్లు చెప్పేది వినాలి. వాళ్ల ముందు ఏయే దారులున్నాయో, ఏ రూలు ఏమంటుందో వాళ్ల భాషలో చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుంటే కూర్చోబెట్టి మాట్లాడించాలి. అదే గోడు పదిమంది నోట వింటే, పేర్లు చెప్పకుండా ఆ సంగతి పైవాళ్ల చెవిన వేయాలి. వచ్చేది తల్లిదండ్రులే కాదు, టీచర్లు, బస్సు డ్రైవర్లు కూడా.

"అధికారమే లేకుండా ఇంకేం పనే అది?" అని అడిగాను. నవ్వి "న్యాయం చేస్తా పెద్దనాయినా" అన్నావు. నాకు భయం పుట్టింది అక్కడే.

నీకు ఆరేడేళ్లప్పుడు మహబూబ్‌నగర్ నుంచి మీ అత్తమ్మ బుట్టెడు సీతాఫలాలు తెచ్చింది. నీ తమ్ముడూ, నా కొడుకూ పెద్ద కాయ కోసం కొట్టుకుంటుంటే నువ్వు మధ్యలో దూరి పంచావు. చివరికి నీ కాయ కూడా వాళ్లకే ఇచ్చేసి, గడప మీద కూర్చొని ఏడ్చావు. ఎవరూ అడగకుండానే తీర్పు చెప్పడం, ఆ తర్వాత కుమిలిపోవడం నీకు మొదటి నుంచీ ఉంది. ఈ ఉద్యోగంలో అది పనికిరాదు. కోప్పడుతున్నాననుకోకు. కోప్పడుతూనే ఉన్నాను అనుకో, కానీ నీ మంచికే.

మామూలు సంగతులు నీకు నేను చెప్పక్కర్లేదు. రూల్స్ పుస్తకం మొత్తం చదువు. భాష రాని తల్లి వస్తే దుబాసీని పిలిపించు, ఆమె పిల్లాడితోనే తర్జుమా చేయించకు. నీ దగ్గరికి వచ్చినంత మాత్రాన రాతపూర్వకంగా ఫిర్యాదు వేసినట్టు కాదని, దాని గడువు దానిదేనని మొదటే చెప్పు. గుట్టుగా ఉంచలేనిది ఏదో అది కూడా వాళ్లు నోరు విప్పకముందే చెప్పు. పిల్లకు ప్రమాదం ఉందంటే ఎవరి గుట్టూ లేదు. ఇక్కడ పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. మీ దగ్గర కూడా బడి సిబ్బందికి అలాంటి బాధ్యత ఉంటుందన్నావు.

ఇప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి చెప్తాను. మీ నాయినకు కూడా పూర్తిగా తెలియదు.

1996లో నేను దేవరకొండ దిక్కున ఒక హైస్కూల్లో హెడ్మాస్టర్‌ని. పత్తి ఏరే రోజులు. ఒకరోజు పొద్దున్నే ఒకామె కూలి మానుకొని వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. కిటికీ ఊచలు పట్టుకొని బయటి నుంచే మాట్లాడింది. కొడుకు ఎనిమిదో తరగతి. లెక్కల సారు వాణ్ని రోజూ లేపి నిలబెట్టి "పండ్లు తోముకోవా?" అంటున్నాడట, పచ్చపండ్లోడా అని పేరు పెట్టాడట. "ఇటుకపొడితోని రుద్దుకుంటుండు సార్. చిగుళ్లెంబడి నెత్తురు కారుతుంది. నా పేరు బయటపడనియ్యకుండ్రి. పిలగాడు ఇంకా రెండేండ్లు ఈడనే సదువాలె" అంది.

ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నీకు తెలుసు. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ అందులో చేరిపోతుంది. బయటికి వచ్చాక ఎంత తోమినా ఆ పసుపు మరక పోదు. నీళ్లలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో 'నల్గొండ టెక్నిక్' అని పేరు. జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. ఆ పిల్లాడి పండ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

నేనేం చేశానో విను. నిక్కచ్చి మనిషినని నాకు పేరు. చాటుమాటు వ్యవహారం నాకు గిట్టదు. ఏదైనా ముఖాముఖి తేలిపోవాలి అనేవాణ్ని. వెంటనే అటెండర్‌ని పంపి లెక్కల సారును పిలిపించాను. నా గది తలుపు తెరిస్తే ఎదురుగా స్టాఫ్ రూమే. నలుగురు టీచర్లు చాయ్ తాగుతూ చూస్తున్నారు. ఆమెను లోపలికి పిలిచి ఆయన ముందు నిలబెట్టి "ఈమె మీ మీద ఫిర్యాదు చేస్తోంది, ఏమంటారు?" అన్నాను. "సరదాకు అన్నాను సార్" అన్నాడు ఆయన. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "ఏం లేదు సార్, పిలగాడు ఊకెనే చెప్పిండు కావచ్చు" అంది. దండం పెట్టి వెళ్లిపోయింది. రిజిస్టరులో నేను ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: "సమస్య పరిష్కరించబడినది." కింద సంతకం, తేదీ.

ఆ రోజు నుంచి లెక్కల సారు ఆ పేరుతో పిలవలేదు. అసలు పిలవనే లేదు. నోటు పుస్తకం దిద్దలేదు, బోర్డు దగ్గరికి రమ్మనలేదు. ఆ పేరును క్లాసులో మిగతా పిల్లలు పట్టుకున్నారు. అర్ధ సంవత్సర పరీక్షకు పిల్లాడు రాలేదు. ఇంటికి వెళ్లాను. "వాళ్ల మామతోని బొంబాయికి పోయిండు సార్, పనికి" అంది ఆమె. ఒక్క మాట నన్ను అనలేదు. స్టీలు చెంబుతో నీళ్లిచ్చింది. ఆ బోరు నీళ్లే. తాగి వచ్చాను.

ఇంకో రెండేళ్లకు లెక్కల సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది. రిలీవ్ అయ్యే రోజు సాయంత్రం నా గదికి వచ్చి కూర్చున్నాడు. ఆయనది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు, హుజూర్‌నగర్ వైపు. కాలువ నీళ్లు తాగి పెరిగినవాడు. "సార్, వచ్చిన కొత్తలో నాకు నిజంగా తెలియదు. మురికి అనుకున్నాను. తర్వాత తెలిసింది, కానీ అప్పటికే మీరు నన్ను నలుగురిలో నిలబెట్టారు. ఇక ఆ పిల్లాడి ముఖం చూడాలంటే నాకు ఒళ్లు మండేది. ఒక్కడినే పిలిచి నీళ్ల సంగతి చెప్పి ఉంటే అయిపోయేది కదా సార్" అన్నాడు.

రెండు నిమిషాల మాట, బిడ్డా. "సార్, అది నీళ్ల వల్ల" అనాలి, అంతే. అది మానేసి నేను విచారణ పెట్టాను. ఆమె అడిగింది ఒకటే, పేరు బయటపెట్టొద్దని. నేను మొదట పోగొట్టింది దాన్నే. అట్లాగని ఆ సారును వెనకేసుకు రావడం లేదు. మరక సంగతి తెలిశాక కూడా పిల్లాడితో మాట్లాడకపోవడం ఆయన తప్పే. కానీ ఆయన గోడు కూడా ఎవరూ వినలేదు. పంతం పట్టడం తప్ప ఆయనకు నేను ఇంకో దారి ఉంచలేదు. తరగతిలో ఇంకో పాతికమందికి అవే పండ్లు. ఒక్క పిల్లాడి ఫిర్యాదు అనుకున్నానే గాని, ఊరు మొత్తానిదని నాకు తట్టలేదు. పేర్లు చెప్పకుండా పైకి చెప్పడం అని నువ్వు అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పాతికమందే.

ఇక్కడ ఇప్పుడు కాగితాలకు కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 32వ సెక్షన్ కింద రాసిస్తే మూడు నెలల్లో తేల్చాలి. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సోమవారం కలెక్టరేట్లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఎట్లాగూ ఉంది. అన్నీ మంచివే. కానీ కిటికీ ఊచలు పట్టుకొని నిలబడ్డ మనిషి కాగితం రాయదు. కాగితం రాయకముందు కూర్చొని మాట్లాడే చోటు ఆమెకు కావాలి. నువ్వు కూర్చోబోయే కుర్చీ అదే అని నాకు ఆ రాత్రి తెల్లవారుజామున తట్టింది. అందుకే భయం, అందుకే గర్వం.

ఇంకొకటి. నీ జీతం ఇచ్చేదీ ఆ బడులవాళ్లే, ఫిర్యాదులు వచ్చేదీ వాళ్ల మీదే. ఎవరి కింద పనిచేస్తావు, ఎవరికి జవాబు చెప్పాలి, పైవాళ్లు "ఎవరొచ్చారు, ఏం చెప్పారు" అని అడిగితే చెప్పననే హక్కు నీకు రాతలో ఉందా, ఇవన్నీ చేరకముందే అడుగు. మొహమాటపడకు. మొహమాటం మన ఇంటి జబ్బు.

రోజూ నలుగురి బాధలు విని ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు ఏడవకు. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి. ఎవరి పేరూ చెప్పొద్దు. నేనూ అడగను. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పొద్దున, నేను మేల్కొనే ఉంటాను. మీ పెద్దమ్మ పల్లిపొడి, మక్క గారెలు కడుతోంది, వచ్చే నెల మీ తమ్ముడితో పంపిస్తుంది.

ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు, నువ్వు కూర్చోబోయే గది చూపించమని అడుగు. తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఎదురుగా ఎవరు కూర్చుంటారో, లోపలికి వచ్చే మనిషి ఎవరెవరి కంట పడుతుందో చూసి సాయంత్రం నాకు చెప్పు.

మీ పెద్దనాయిన