మెల్‌బోర్న్‌లో డక్టెడ్ ఏసీ పెట్టిస్తున్నారా? సీలింగ్ పైన ఏం చేస్తున్నారో చూడండి

మొన్న మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో గృహప్రవేశానికి వెళ్తే కొత్తగా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు, అన్నా డక్టెడ్ ఏసీ ఎన్ని టన్నులది పెట్టించమంటావ్, ఏ బ్రాండ్ మంచిది అని. డక్టెడ్ అంటే సీలింగ్ పైన ఒకే యూనిట్ పెట్టి, డక్ట్ పైపుల్లోంచి అన్ని గదులకీ గాలి పంపే ఏసీ. ఇక్కడ టన్నుల లెక్క కాదు, కిలోవాట్లు. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్లు, అంటే 14 కిలోవాట్లది మన లెక్కలో 4 టన్నులు. గదుల కొలతలు, కిటికీలు, పడమటి ఎండ చూసుకుని లెక్క వేసేవాడి దగ్గరే కొటేషన్ తీసుకోండి, ఫోన్‌లోనే సైజు చెప్పేసేవాడు వద్దు. బ్రాండ్ గురించి మాత్రం అంత బుర్ర బద్దలు కొట్టుకోకండి, గొడవంతా మనం ఎక్కి చూడని చోట, సీలింగ్ పైన చేసిన పనిలోనే వస్తుంది.

మా మొదటి ఇంట్లో ఏమైందంటే, జనవరిలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు పొద్దున హాల్ సీలింగ్ మీద అరచేయంత టీ మరకలాంటిది కనిపించింది, సాయంత్రానికి అన్నం కంచమంత అయింది, వేలితో నొక్కితే ప్లాస్టర్ మెత్తగా లోపలికి పోయింది. పైకెక్కి చూస్తే ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపుకి వాలు లేదు, మధ్యలో పైకి లేచి ఉంది, నీళ్లు వెనక్కి వచ్చేస్తున్నాయి. యూనిట్ కింద సేఫ్టీ ట్రే పెట్టారు గానీ దాని పైపు ఎక్కడికీ కలపలేదు! అందుకే చెప్తున్నా, పనివాళ్లు వెళ్లకముందే ట్రేలో ఒక జగ్గు నీళ్లు పోయించండి, బయట పైపులోంచి వస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. మొహమాటపడొద్దు, మన డబ్బు.

ఇంకోటి మనవాళ్లకి చాలా ముఖ్యం, రిటర్న్ ఎయిర్ గ్రిల్ (గదిలో గాలిని వెనక్కి లాగే జాలీ) వంటింటి దగ్గర పెట్టనివ్వకండి. డక్టెడ్ ఏసీ బయటి గాలి తేదు, ఇంట్లో గాలినే లాగి మళ్లీ అన్ని గదులకీ పంపుతుంది, ఇంగువ పోపు పెట్టారంటే పడగ్గదుల్లో దుప్పట్లకి కూడా అదే వాసన, ఫిల్టర్ అంతా నూనె జిడ్డు. హాల్‌వేలో, పొయ్యికి దూరంగా పెట్టించుకోండి.

జోన్‌లు పెట్టించుకోండి, అంటే ఇంటిని భాగాలు చేసి కావాల్సిన చోటికే గాలి పంపడం, పగలు హాలు, రాత్రి బెడ్‌రూమ్‌లు. కానీ ఒక్క చిన్న గదే తెరిచి మిగతావన్నీ మూసేస్తే గాలికి దారి ఉండదు, మోత వస్తుంది, ఒక కామన్ జోన్ ఎప్పుడూ తెరిచి ఉండేలా అడగండి. డక్ట్ పైపులు మలుపుల దగ్గర నలిగిపోకుండా, వేలాడకుండా కట్టారో లేదో ఫోటోలు తీయమనండి.

ఏసీలోని గ్యాస్ (రిఫ్రిజరెంట్) ముట్టుకునేవాడికి ఏఆర్‌సీ, అంటే ఆస్ట్రేలియన్ రిఫ్రిజరేషన్ కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి, కార్డు చూపించమనండి. కరెంటు పని అయ్యాక ఎలక్ట్రికల్ సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోండి, విక్టోరియాలో అది ఇచ్చి తీరాలి. పాత ఇల్లు కొని గ్యాస్ డక్టెడ్ హీటర్ తీసేసి రివర్స్ సైకిల్ పెడుతుంటే విక్టోరియన్ ఎనర్జీ అప్‌గ్రేడ్స్ అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద డిస్కౌంట్ వస్తుందేమో ముందే కనుక్కోండి, రివర్స్ సైకిల్ ఏసీ వేడికీ చల్లదనానికీ రెండిటికీ పనికొస్తుంది.

కొత్త ఇల్లు కట్టిస్తున్నవాళ్లయితే ప్లాస్టర్ కొట్టకముందే బిల్డర్‌ని అడిగి ఒకసారి లోపలికెళ్లి చూసి రండి, ఆ తర్వాత సీలింగ్ మూసేస్తారు, ఏ పైపు మార్చాలన్నా పాక్కుంటూ పోవాల్సిందే.